మళ్లీ .357 రివాల్వరే కొనాలా, ఉన్నదానితో సరిపెట్టుకోవాలా?

గోదారోడు_ఫ్రిస్కో

టెక్సాస్ నుంచి అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ తుపాకుల ఫోరంలో చదవడమే తప్ప రాసింది లేదు. ఒక విషయం ఎటూ తేలక రాత్రి ఒంటిగంటకి లేచి తుపాకుల సైట్లు చూస్తున్నాను, అందుకని ఇవాళ రాస్తున్నాను.

నా దగ్గర స్మిత్ అండ్ వెసన్ 686 అనే .357 మాగ్నమ్ రివాల్వర్ ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలు, నాలుగంగుళాల బ్యారెల్, ఆరు తూటాలది. గ్రీన్ కార్డు వచ్చిన ఏడాది, 2019లో కొన్నాను. అసలు షాపుకి వెళ్లింది 9 ఎం.ఎం. పిస్టల్ కోసం. నా ముందున్న పెద్దాయన చూసి పక్కన పెట్టిన రివాల్వర్‌ని ఊరికే చేతిలోకి తీసుకున్నాను. అంతే, ఇంక కింద పెట్టబుద్ధి కాలేదు. అప్పటినుంచి నాకు .357 మాగ్నమ్ తప్ప వేరే క్యాలిబర్ (తూటా సైజు) కనబడదు.

ఇప్పుడు అదే క్యాలిబర్‌లో ఇంకొకటి కొనాలని ఉంది. మనసులో మూడున్నాయి. రూగర్ జీపీ100. జేబులో పట్టే రూగర్ ఎల్‌సీఆర్ (.357దే). లేదంటే ఎక్కడైనా మంచిది దొరికితే పాత స్మిత్ మోడల్ 19. బడ్జెట్ 900 డాలర్లు.

మా ఆవిడ ఒకే ముక్క అడిగింది: "ఉన్నది పాడైందా?" పాడవలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి, వినిపిస్తాను.

ఓరుగల్లు77 (హ్యూస్టన్)

కొనెయ్ తమ్మీ. ఇందులో ఆలోచించేదేముంది? మీ ఆవిడ బీరువాలో ఎన్ని పట్టుచీరలున్నాయో ఒకసారి లెక్కపెట్టు. వాటిల్లో ఏదైనా చిరిగిందని కొత్తది కొన్నదా?

నా ఓటు జీపీ100కి. ట్యాంకులా ఉంటది. డబ్బులుంటే ఎల్‌సీఆర్ కూడా అదే రోజు తీసుకో, ఒకే ఫారంతో పని అయిపోతది.

లక్ష్మి_శాన్‌ఆంటోనియో

ఓరుగల్లు గారూ, చీరల మాట ఆయన ఇంట్లో అన్నారంటే తుపాకీ సంగతి దేవుడెరుగు, భోజనం కూడా దొరకదు.

గోదారోడు గారూ, నేను ఎల్‌సీఆర్ గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే అది నా చేత్తో కాల్చాను. .357ది బరువు 17 ఔన్సుల చిల్లర. మీ 686 దాదాపు 40 ఔన్సులు. తూటా అదే, లోపలి పేలుడు మందు అదే. మీ చేతిలో 40 ఔన్సుల స్టీలు తాగేసే తన్నుడు, దీంట్లో నేరుగా మీ బొటనవేలి మొదలుకి వస్తుంది. నేను ఐదు కాల్చి, ఆరోది పెట్టమంటే వద్దన్నాను (దాంట్లో పట్టేవి ఐదే, అది వేరే విషయం). అరచేతిలో మంట సాయంత్రం దాకా తగ్గలేదు. అదే తుపాకీలో మామూలు .38 స్పెషల్ (ఇందులోనే పట్టే, తక్కువ ఒత్తిడి తూటా) పెట్టి కాలిస్తే హాయిగా ఉంది.

ఇంకో మాట. నేను షాపుకి వెళ్లిన ప్రతిసారీ కౌంటర్ వెనక అబ్బాయి "ఆడవాళ్లకి ఇది బాగుంటుందండీ" అని అతి తేలికైనదే తీసి చూపిస్తాడు. అందరికంటే గట్టిగా తన్నేది అదే. తేలిగ్గా మోసుకుపోవడం వేరు, తేలిగ్గా కాల్చడం వేరు. మీ ఆవిడ కోసం అని ఎల్‌సీఆర్ కొనే ఆలోచన ఏ మూలనైనా ఉంటే ముందు ఆవిడ చేత ఒకసారి కాల్పించండి.

చేతిపని (ఒహాయో)

బాబూ, నాకు 64 ఏళ్లు. ముప్పై ఏళ్లుగా .38, .357 తూటాలు రెండూ ఇంట్లో గరాజులోనే, కాల్చిన ఇత్తడి కేసుల్లో (తొడుగుల్లో) మళ్లీ మందు, గుండు పెట్టి నింపుకుంటున్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికుంటే చదువు.

ఒకే క్యాలిబర్‌కి కట్టుబడడం తెలివితక్కువ పనేమీ కాదు. ఒక డై (అచ్చుల) సెట్‌తో .38, .357 రెండూ తయారవుతాయి. ప్రైమర్లు (మందుని అంటించే చిన్న టోపీలు) అవే, గుండ్లు అవే. ఇత్తడి కేసు నిటారుగా ఉంటుంది కాబట్టి కార్బైడ్ డై వాడితే నూనె రాయక్కర్లేదు. పిస్టల్‌లాగా ఖాళీ కేసులు పక్కవాడి చొక్కాలోకి ఎగరవు. సిలిండర్ (తూటాలు పట్టే గుండ్రటి దిమ్మ) తెరిచి నొక్కితే ఆరూ అరచేతిలో పడతాయి. 2020, 21లో ప్రైమర్లు దొరక్క దేశమంతా అల్లాడినప్పుడు రెండు మూడు క్యాలిబర్లవాళ్లు ఏది నింపాలో తెలియక తలలు పట్టుకున్నారు. నేను ఉన్న డబ్బాలని ఒకే లెక్కతో సర్దుకున్నాను.

ఇక నువ్వు మనసుపడ్డ మోడల్ 19 సంగతి. .357 వచ్చింది 1935లో. అప్పటికే ఉన్న .38 స్పెషల్ కేసుని అంగుళంలో ఎనిమిదో వంతుకి కాస్త పైన పొడుగు చేశారు. ఎందుకు పొడుగు చేశారు? మందు పట్టడానికి కాదు, అది పాత కేసులోనూ పడుతుంది. పొడుగు చేయకపోతే ఎవడో ఒకడు తాత గారి .38లో దీన్ని దూర్చి పేలుస్తాడని. ఒత్తిడి తేడా చూడు: మామూలు .38కి గరిష్ఠం 17,000 పీఎస్ఐ, .357కి 35,000. రెట్టింపు పైమాటే. అందుకే .357 తుపాకీలో .38 కాల్చొచ్చు, .38 తుపాకీలో .357 పట్టదు, పట్టకూడదు.

మొదట్లో వచ్చిన .357లన్నీ పెద్ద ఫ్రేమ్‌వి (ఫ్రేమ్ అంటే తుపాకీ ఒళ్లు), బరువు. రోజంతా నడుముకి కట్టుకుని తిరిగే పోలీసుకి తేలికైనది కావాలని బోర్డర్ పెట్రోల్‌లో పనిచేసిన బిల్ జోర్డన్ పట్టుబట్టగా, 1955లో మధ్యరకం కే-ఫ్రేమ్ మీద కంబాట్ మాగ్నమ్ వచ్చింది. తర్వాత దానికే మోడల్ 19 అని నంబరు పడింది. దాని వెనక ఆలోచన ఏంటంటే, సాధన అంతా .38తో చెయ్యి, డ్యూటీలో మాత్రం .357 పెట్టుకో. తర్వాతి రోజుల్లో పోలీసు శాఖలు సాధన కూడా మాగ్నమ్‌తోనే చేయించడం మొదలుపెట్టాయి. అదీ వేగంగా పోయే 125 గ్రెయిన్ల బరువున్న గుండుతో. కే-ఫ్రేమ్‌లో బ్యారెల్ వెనక కొస, అంటే ఫోర్సింగ్ కోన్, కింది వైపు చదునుగా చెక్కి ఉంటుంది. అక్కడ లోహం పల్చన. కొన్నింటిలో సరిగ్గా అక్కడే పగుళ్లొచ్చాయి. దానికి విరుగుడుగా 1980 ప్రాంతంలో వచ్చిన, కాస్త పెద్దదైన ఎల్-ఫ్రేమ్ తుపాకే నీ చేతిలో ఉన్న 686.

అంటే నువ్వు మందు ఇంట్లో పెట్టుకుని జబ్బుని కొనుక్కోవాలని చూస్తున్నావు. మోడల్ 19 అందంగా ఉంటుంది, కాదనను. నా దగ్గరా ఒకటుంది. కానీ దాంట్లో నేను మాగ్నమ్ కాల్చి పదేళ్లయింది.

ఒక్క ప్రశ్న. ఇన్నేళ్లలో మొత్తం ఎన్ని రౌండ్లు కాల్చావు, అందులో మాగ్నమ్‌లు ఎన్ని?

రూపాయిలెక్క (డాలస్)

నా పేరుకి తగ్గట్టు లెక్క చెబుతాను. 900 డాలర్ల తుపాకీకి మన దగ్గర అమ్మకం పన్ను 8.25 శాతం కలిపితే 974. ఈ నెల నేను కొన్న ధరల్లో .38 స్పెషల్ 50 తూటాల డబ్బా 25 డాలర్లు, .357 డబ్బా 35, 9 ఎం.ఎం. డబ్బా 13. ఆ 974తో .38 దాదాపు 1,950 రౌండ్లు వస్తాయి. నెలకి 100 కాలిస్తే ఏడాదిన్నర పైన నడుస్తుంది.

పైగా రెండో తుపాకీ అంటే రెండో హోల్‌స్టర్ (ఒర), రెండో సెట్ స్పీడ్‌లోడర్లు (తూటాలన్నీ ఒకేసారి సిలిండర్‌లోకి దించేవి). ఒకే క్యాలిబర్ కాబట్టి ఖర్చుండదు అని అందరూ అనుకుంటారు. కలిసొచ్చేది తూటా ఒక్కటే.

కొత్తకాపు_డెంటన్

మధ్యలో దూరుతున్నందుకు సారీ అన్నా. నేను హెచ్1బి మీద ఉన్నాను. నాకూ రివాల్వర్ అంటే ఇష్టం. గ్రీన్ కార్డున్న మా రూమ్మేట్ తన పేరు మీద కొనిపెడతానంటున్నాడు, డబ్బులు నేనిచ్చేస్తా. ఇలా చాలామంది చేస్తున్నారంట, నిజమేనా?

నిర్వాహకుడు

కొత్తకాపూ, ఈ పని మాత్రం చేయకు. నువ్వు ఒక్కడివే కాదు, చదివే వాళ్లందరికీ కలిపి చెబుతున్నాను.

నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. ఇది ఫెడరల్ చట్టం, టెక్సాస్ వదిలేసినా అది వదలదు. కొన్ని మినహాయింపులున్నాయి. గడువు తీరని వేట లైసెన్సు ఉండడం అందులో ఒకటి. అది నీకు వర్తిస్తుందో లేదో ఇమ్మిగ్రేషన్ లాయర్ చెప్పాలి, మేం కాదు. షూటింగ్ రేంజిలో అద్దెకి తీసుకున్నా తుపాకీ నీ చేతిలో ఉన్నట్టే లెక్క.

మీ రూమ్మేట్ సంగతి ఇంకా పెద్దది. షాపులో నింపే 4473 ఫారంలో మొదట అడిగేదే "అసలు కొనేది నువ్వేనా" అని. వేరేవాళ్ల డబ్బుతో వాళ్లకోసం కొంటూ అవునని రాస్తే నేరం. అతని గ్రీన్ కార్డు, నీ వీసా, రెండూ పోవచ్చు. చాలామంది చేస్తున్నారంటే, చాలామంది ఇంకా దొరకలేదని అర్థం.

ఓరుగల్లు గారూ, మీరన్న ఒకేరోజు రెండు కొనడం తప్పు కాదు. కాకపోతే ఐదు పనిదినాల లోపల ఒకే షాపులో రెండు చేతి తుపాకులు కొంటే షాపువాళ్లు ఏటీఎఫ్‌కి (తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థకి) విడిగా ఒక కాగితం పంపాలి. తెలిసి ఉండడం మంచిది.

కొత్తకాపు_డెంటన్

అర్థమైంది సార్. రూమ్మేట్‌కి ఈ పేజీయే పంపించాను.

ఎడిసన్_ఏడుకొండలు

మీరంతా టెక్సాస్‌లో కూర్చుని మాట్లాడుతున్నారు. న్యూజెర్సీకి రండి. ఒక్కో చేతి తుపాకీకి ఒక్కో పర్మిట్, నెలకి ఒకటి దాటకూడదు. నేను రెండోది కొనాలా వద్దా అని ఆలోచించుకునే టైమ్ ప్రభుత్వమే ఇస్తుంది. ఆ టైమ్‌లో సగం కోరికలు వాటంతటవే చల్లారతాయి, నిజంగా.

గోదారోడు_ఫ్రిస్కో

చేతిపని గారూ, మీరు అడిగారని ఎక్సెల్ తెరిచాను. అవును, ఎక్సెల్ ఉంది, నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను, నవ్వకండి.

మొత్తం 4,150 రౌండ్లు. అందులో .357 మాగ్నమ్ 310. మిగతావన్నీ .38 స్పెషల్.

నాకే ఆశ్చర్యంగా ఉంది. మాగ్నమ్ ఇంకా ఎక్కువే కాల్చాననుకున్నాను. గుర్తున్నవన్నీ అవే మరి, ఆ మంట, ఆ మోత.

చేతిపని (ఒహాయో)

అదీ సంగతి. వందకి ఏడున్నర. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నావు బాబూ. నీకు ఇష్టమైన క్యాలిబర్ .38 స్పెషల్. .357 అనేది నువ్వు నలుగురికీ చెప్పుకునే క్యాలిబర్.

ఓరుగల్లు77 (హ్యూస్టన్)

పెద్దాయనా, దీనికి మాత్రం ఒప్పుకోను. ఇంటికి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తెచ్చుకుంటాం. ఎన్నిసార్లు వాడినం? వాడలేదు కాబట్టి వద్దంటామా? మా దోస్తుకి కాలేజ్ స్టేషన్ దగ్గర కొంత పొలం ఉంది. అడవిపందులు రాత్రికి రాత్రే దున్నేసి పోతయి. అక్కడికి పోయినప్పుడు నా నడుముకి మాగ్నమ్ ఉండాలె. 158 గ్రెయిన్ల గుండు నాలుగంగుళాల బ్యారెల్ నుంచి సెకనుకి 1,235 అడుగుల వేగంతో పోతది. అదే బరువు గుండు మామూలు .38లో 755. పంది ముందు నిలబడ్డప్పుడు ఈ తేడా ఎక్సెల్‌లో కనబడదు.

చేతిపని (ఒహాయో)

నిజమే. కానీ ఆ పందికి అతని దగ్గర 686 ఇప్పటికే ఉంది కదా. అడుగుతున్నది రెండోదాని గురించి.

ఓరుగల్లు77 (హ్యూస్టన్)

...సరే, ఈ పాయింట్ మీకే.

పెన్నాతీరం (కడప)

నేను ఇండియాలో ఉంటాను, మీ చర్చ చదివితే నవ్వూ వస్తోంది, ఈర్ష్యా కలుగుతోంది. రెండోదా మూడోదా అని మీరు తేల్చుకుంటున్నారు. మాకు ఆయుధాల చట్టానికి 2019 సవరణ తర్వాత లైసెన్సు మీద మొత్తమే రెండు. అంతకుముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినా ఆ లెక్కలోకే.

నా దగ్గర నాన్నగారి .32 రివాల్వర్ ఉంది. మనకి మామూలు మనిషికి దొరికేది ఎక్కువగా .32నే, 9 ఎం.ఎం. లాంటివి నిషిద్ధ బోరు, అంటే మామూలు లైసెన్సు మీద ఇవ్వని క్యాలిబర్. కాబట్టి "ఇష్టమైన క్యాలిబర్" అని మాకు వేరే ఉండదు, పెళ్లిచూపుల్లేని పెళ్లి. ఎన్నికలొస్తే తీసుకెళ్లి స్టేషన్లో డిపాజిట్ చెయ్యాలి. మొన్న చేసినప్పుడు కానిస్టేబుల్ రసీదు రాస్తూ "ఇది పేలుతుందా సార్" అని అడిగాడు. నాన్నగారి కాలం నుంచి నేనూ అదే అనుకుంటున్నాను.

లైసెన్సు మీద రెండోదిగా ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ వాళ్ల .32 పిస్టల్ తీసుకుందామని ఒకప్పుడు అనుకున్నాను, రెండూ .32నే కదా తూటాలు కలిసొస్తాయని. కలిసిరావు. రివాల్వర్‌ది పొడుగు కేసు, పిస్టల్‌ది పొట్టి. పేరు ఒకటే, తూటా వేరు. ఒకదాని తూటా ఇంకోదాంట్లో పెట్టే ప్రయత్నం ఎవరూ చెయ్యకండి.

చేతిపని (ఒహాయో)

పెన్నాతీరం గారూ, మంచి మాట ఎత్తారు. మా .38 పేరు కూడా అలాంటి మాయే. .38 గుండు అసలు అడ్డుకొలత .357 అంగుళాలు. పాతకాలంలో గుండు లావు, కేసు లావు ఒకటే ఉండేవి, ఆ లెక్కన పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. .357 అన్నవాళ్లు మాత్రం ఉన్న కొలతే చెప్పారు. .38 పేరులో అబద్ధం, .357 పేరులో నిజం, గుండు మాత్రం రెండింటిలో ఒకటే.

మామిడితాండ్ర (ఆస్టిన్)

ఇండియా మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక, టాపిక్ కాకపోయినా. రేంజికి తీసుకెళ్లే బ్యాగు, ఇండియాకి తీసుకెళ్లే బ్యాగు ఎప్పుడూ ఒకటి కాకూడదు. మా పిన్ని కొడుకు పాత రేంజి బ్యాగులో పిల్లల బట్టలు సర్దుకుని వెళ్లాడు. వెళ్లేటప్పుడు ఎక్కడా పట్టుకోలేదు. తిరుగు ప్రయాణంలో అక్కడి ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో లైనింగ్ కింద ఒక్క తూటా కనబడింది. ఆయుధాల చట్టం కింద కేసు. తెలియక జరిగింది, కోర్టులు ఇలాంటివి కొట్టేస్తుంటాయి అని లాయర్ ధైర్యం చెప్పాడు, చివరికి అలాగే అయింది. కానీ విమానం పోయింది, సెలవులు పోయాయి, ఇక్కడ ఉద్యోగంలో జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక్క తూటా, యాభై సెంట్లది.

లక్ష్మి_శాన్‌ఆంటోనియో

బాబోయ్. మా బ్యాగు ఇప్పుడే లేచి వెళ్లి తిరగేసి చూశాను. ఖాళీ కేసులు రెండు దొరికాయి.

గోదారోడు గారూ, పిల్లలున్నారా మీకు? సేఫ్ ఉందా? రెండో తుపాకీ కంటే ముందు అడగాల్సింది ఇదని నా ఉద్దేశం. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి తూటాలున్న తుపాకీ అందేలా వదిలేస్తే పెద్దవాళ్ల మీద కేసు పడుతుంది. కేసు సంగతి అలా ఉంచండి, వీకెండ్ పార్టీ అంటే మన ఇళ్లలో పదిమంది పిల్లలు బెడ్‌రూముల్లోకి పరిగెత్తుతారు కదా, నాకు ఆ టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది.

గోదారోడు_ఫ్రిస్కో

బాబుకి ఎనిమిదేళ్లు. సేఫ్ ఉందండీ, చిన్నది, ఒక రివాల్వర్ పట్టేది. రెండోది పట్టదు. ఈ విషయం నాకు ఇప్పటిదాకా తట్టలేదు, బడ్జెట్‌లో రాసుకోలేదు.

రూపాయిలెక్క (డాలస్)

రాసుకో. గోడకి బోల్టులు బిగించే రకం చూడు.

గోదారోడు_ఫ్రిస్కో (12 రోజుల తర్వాత)

అప్‌డేట్. మొన్న ఆదివారం ఆవిడతో కలిసి రేంజికి వెళ్లాను, బాబుని మా అక్క వాళ్లింట్లో దింపి. అద్దెకి ఎల్‌సీఆర్, జీపీ100 రెండూ తీసుకున్నాం.

ఎల్‌సీఆర్ .357తో: లక్ష్మి గారు చెప్పింది అక్షరాలా నిజం. మూడు కాల్చి ఆపేశాను. పక్క లేన్‌లో కుర్రాడు మంట చూసి వెనక్కి జరిగాడు. ఇండోర్ రేంజిలో మాగ్నమ్ కాల్చేటప్పుడు చెవుల్లో దూది లాంటి ప్లగ్గులు పెట్టుకుని పైన మఫ్‌లు కూడా వేసుకోవాలి, ఒక్కటి చాలదు.

జీపీ100: చాలా బాగుంది. బాగుంది అంటే నా 686 ఎంత బాగుందో అంత. పదిహేను నిమిషాలు కాల్చాక, ఇది నా దగ్గర ఉన్నదే కదా అనిపించింది. ట్రిగ్గర్‌లో, గ్రిప్‌లో తేడాలున్నాయి, ఇక్కడ వాటి మీద మనవాళ్లు పేజీలు రాశారని తెలుసు. నా చేతికి ఆ తేడా 900 డాలర్లంత లేదు.

అసలు విషయం ఇప్పుడు వస్తుంది. ఆవిడ నా 686తో .38 కాల్చింది. గురి బాగానే ఉంది, నాకంటే మెరుగే (ఇది ఇక్కడ రాయమని చెప్పింది). కానీ పది నిమిషాలకి చేతులు నొప్పి అంది. ముందు వైపు బరువు, బ్యారెల్ కింద నిండుగా స్టీలు ఉంటుంది కదా. "ఇదే, కొంచెం సన్నంగా ఉండేది లేదా" అని అడిగింది. ఉన్నది పాడైందా అని అడిగిన మనిషే!

రేంజి షాపులో వాడినవి పెట్టే అద్దాల పెట్టెలో ఒక పాత స్మిత్ మోడల్ 10 ఉంది. .38 స్పెషల్, నాలుగంగుళాలు, నీలిరంగు బ్యారెల్ నోటి దగ్గరా సిలిండర్ అంచుల్లోనూ అరిగిపోయింది. ఏదో పోలీసు శాఖది అయ్యుంటుంది అన్నాడు. 480 డాలర్లు. చేతిలోకి తీసుకుని ఆవిడ "ఇదీ" అంది. నేను కొనలేదు, రెండు రోజులు పక్కన పెట్టమన్నాను. .357 కాదు కదా, నేను అనుకున్నది అది కాదు కదా అని ఒక పీకులాట. దానికి తోడు, పాతదాన్ని ఎలా పరీక్షించాలో నాకు తెలియదు. చేతిపని గారూ?

చేతిపని (ఒహాయో)

రెండు రోజులే టైమ్ ఉంది కాబట్టి వెంటనే రాస్తున్నాను. ఆ తుపాకీ వంశం 1899 నాటిది, .38 స్పెషల్ ప్రచారంలోకి వచ్చిందే దానితో. 1957లో మోడల్ 10 అని నంబరు పెట్టారు. అరవై లక్షలకు పైగా తయారయ్యాయి. పోలీసులు వాడినవి సాధారణంగా బయట అరిగి, లోపల కొత్తగా ఉంటాయి. మోసింది ఎక్కువ, కాల్చింది తక్కువ. బయట మెరుస్తూ లోపల లూజుగా ఉన్నవాటికి భయపడాలి.

ముందు సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీ అని నువ్వు చూడు, తర్వాత అమ్మేవాణ్ణీ చూడమను. షాపువాడి అనుమతి అడిగి ఇవి చెయ్యి.

సుత్తిని బొటనవేలితో చాలా నెమ్మదిగా వెనక్కి లాగు. సుత్తి పూర్తిగా వెనక్కి వచ్చి ఆగేలోపు సిలిండర్ టక్కున తాళం పడాలి. సుత్తి ఆగిపోయాక కూడా సిలిండర్ ఇంకా కొంచెం తిరగాల్సి ఉంటే టైమింగ్ పోయింది. ఆరు గదులకీ ఇలాగే చూడు, ఒకటి బాగుండి ఇంకోటి బాగుండకపోవచ్చు. సుత్తి వెనక్కి ఉండగా బొటనవేలితో దాన్ని కాస్త ముందుకి నెట్టు. జారకూడదు. జారితే ఎవరో ట్రిగ్గర్ తేలిక చేద్దామని అరగదీశారు, వెంటనే వదిలెయ్. నెట్టేటప్పుడు తుపాకీ నోరు మనుషుల్లేని దిక్కుకి ఉంచు, ఖాళీ తుపాకీ అయినా సరే.

సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ కదిపి చూడు. వెంట్రుకవాసి కదలిక సహజం, టకటకమని చప్పుడొస్తే కాదు. బ్యారెల్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడు, కారు మెకానిక్ దగ్గర ఉండేదే. అంగుళంలో వెయ్యికి ఆరు వంతుల దగ్గర ఉంటే బాగు, పది దాటితే బేరమాడు లేదా వదిలెయ్. చివరగా సిలిండర్ తెరిచి ఫోర్సింగ్ కోన్ మీద చిన్న టార్చ్ వెయ్యి. .38కి అక్కడ పగుళ్లు అరుదే, అయినా చూడు.

.357 కాదు కదా అంటావా. నీ ఎక్సెల్ ఇంకోసారి తెరు.

ఓరుగల్లు77 (హ్యూస్టన్)

తమ్మీ, నువ్వు వదిలితే ఆ షాపు అడ్రసు నాకు మెసేజ్ పెట్టు.

గోదారోడు_ఫ్రిస్కో (4 రోజుల తర్వాత)

ఓరుగల్లు అన్నా, సారీ.

ఆరు గదులూ సరిగ్గా తాళం పడ్డాయి. సందు వెయ్యికి ఆరు. సుత్తి జారలేదు. పన్నుతో 520 అయ్యింది. మిగతా 380లో పెద్ద సేఫ్ వచ్చింది, గోడకి బోల్టులు నేనే బిగించాను, ఒకటి వంకర పోయింది.

నిన్న ఆవిడ 100 రౌండ్లు కాల్చింది, నేను 30. నాకు ఇచ్చిందే అన్ని. ఇంటికొచ్చాక చేతులు చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కునేదాకా బాబుని ఎత్తుకోనివ్వలేదు, సీసం సంగతి ఎక్కడో చదివిందట.

ఒక చిన్న సమస్య. నా 686 స్పీడ్‌లోడర్లు దీనికి సరిపోవడం లేదు, ఆరు తూటాలూ సిలిండర్ బెజ్జాలకి ఎదురు రావట్లేదు. హోల్‌స్టర్ కూడా కొంచెం వదులు. రెండూ ఆరు రౌండ్లవే కదా?

చేతిపని (ఒహాయో)

రావు. నీది ఎల్-ఫ్రేమ్, సిలిండర్ లావు. ఇది కే-ఫ్రేమ్. హెచ్‌కేఎస్ కంపెనీ లోడర్ అయితే 686కి 586-ఏ, దీనికి 10-ఏ తీసుకో. పాత లోడర్ల మీద మార్కర్‌తో రాసి పెట్టుకో, లేకపోతే ప్రతిసారీ రేంజిలో తప్పుదే తీస్తావు.

రూపాయిలెక్క (డాలస్)

నేను ముందే చెప్పాను.

గోదారోడు_ఫ్రిస్కో

10-ఏ రెండు ఆర్డర్ పెట్టాను. మార్కర్‌తో రాయడం కూడా అయిపోయింది: "నాది", "ఆవిడది".